ఉమ్మడి గోడకి అటూ ఇటూ ఐదు రౌటర్లు

పామర్రులో ఆ ఇంటి హాల్లోకి నేను వెళ్ళేసరికి అక్కడ ఉన్నవారు: ఇంటి యజమాని సుబ్బారావు గారు, ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు, పక్కింట్లో ఉండే ఆయన తమ్ముడు కోటేశ్వరరావు గారు, తమ్ముడి భార్య విజయ గారు. ఉన్నవి: టీవీ కింద ఒక రౌటర్, బీరువా మీద ఇంకొకటి, వెనక వరండాలో మేకుకి వేలాడుతూ మూడోది, రాజ్యలక్ష్మి గారి ఒళ్ళో కొబ్బరికాయంత స్పీకర్. గోడకి అవతల తమ్ముడి ఇంట్లో మరో రెండు రౌటర్లు. లేనిది ఒక్కటే, స్పీకర్లోంచి రావాల్సిన శబ్దం.

లేనివాడు కూడా ఒకడున్నాడు. నేను చెప్పులు విప్పుతుండగానే సుబ్బారావు గారు నా భుజం మీదుగా గేటు వైపు చూశారు.

"సుధీర్ రాలేదా?"

"సెలవులో ఉన్నాడండి. నేను మురళిని."

"ఓహో" అన్నారాయన.

ఆ 'ఓహో' నాకు బాగా తెలుసు. ఫీల్డులో ఉన్నన్నేళ్ళూ పటమట నుంచి పామర్రు దాకా ప్రతి వీధిలోనూ విన్నాను.

నేను ఎవరిని, ఇది ఎందుకు

ఇళ్ళల్లో వైఫై, పాటలు వినే స్పీకర్లు బిగించడం, అవి ఆగిపోతుంటే వెళ్ళి బాగుచేయడం నా పని. విజయవాడ గవర్నరుపేటలో చిన్న సంస్థ మాది. బండికి మడత నిచ్చెన కట్టుకుని తిరిగేవాణ్ణి. ఉయ్యూరులో ఒక పాత మిద్దె మీద ఆ నిచ్చెన జారి కుడి మోకాలు పోయింది. ఇక నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు గారు చెప్పారు. ముప్పై ఐదేళ్ళకి రిటైరయ్యానంటే మా నాన్న నవ్వుతాడు గానీ, నిచ్చెన ఎక్కలేనివాడు ఈ పనిలో రిటైరైనట్టే. ఇప్పుడు ఆఫీసులో కూర్చుని, ఎవరింట్లో ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో ప్లాన్లు గీస్తున్నాను.

కొత్తగా చేరే పిల్లల కోసం నాలుగు మాటలు రాయమని మా ఓనరు ప్రకాశరావు గారు అడిగారు. ట్రైనింగ్ పుస్తకాల్లో ఉన్నవి నేను మళ్ళీ రాయను. వాటిలో లేనివి రెండున్నాయి. ఒకటి, ఆగిపోయే శబ్దాన్ని ఎలా వెతకాలి. రెండు, తోటివాడి మీద కడుపుమంట పెట్టుకుని కూడా పని ఎలా చెడగొట్టుకోకుండా ఉండాలి. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. నాకు అనుభవం ఉంది కాబట్టి మాట్లాడతాను.

శబ్దం ఆగితే

సినిమా ఆగితే జనం ఓర్చుకుంటారు. తెర మీద గుండ్రంగా తిరిగే బొమ్మ ఒకటి కనిపిస్తుంది, ఏదో జరుగుతోందని సర్దుకుంటారు. పాట ఆగితే అలా కాదు. పాట వినేవాళ్ళు చేతులతో వేరే పని చేస్తుంటారు. కూర తరుగుతుంటారు, బట్టలు మడత పెడుతుంటారు. తెర ఉండదు. గదిలో ఎవరో మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. అందుకే శబ్దం ఆగిన ఇంటివాళ్ళు మామూలు కస్టమర్ల కంటే కోపంగా ఉంటారు. ఆ కోపం మీ మీద కాదు. మొదటి ఆరు నెలలు నా మీదే అనుకున్నాను.

సంచి తెరవకముందు చూడాల్సినవి ఇవి. స్పీకర్ ఒకేచోట ఉంటుందా, తిరుగుతుందా. ఇంట్లో ఎన్ని రౌటర్లు ఉన్నాయి, వాటిలో ఎన్ని ఆ ఇంటివాళ్ళకే తెలియవు. రౌటర్ పక్కన ఏముంది: ఫ్రిజ్, చేపల తొట్టి, అద్దాల బీరువా. ఆ డబ్బాని అక్కడే పెట్టమన్నది ఎవరు. ఈ ఆఖరిదానికి జవాబు దొరికితే సగం పని అయినట్టే.

ఇంకొక సంగతి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. శబ్దం ఆగిన క్షణం తప్పు జరిగిన క్షణం కాదు. స్పీకర్ ఎప్పుడూ రాబోయే పాటని కొంచెం ముందుగానే నింపి పెట్టుకుంటుంది. సంబంధం తెగాక కూడా ఆ నిల్వ అయిపోయేదాకా పాడుతూనే ఉంటుంది. కాబట్టి ఎక్కడ ఆగిందో అక్కడ వెతికితే ఏమీ దొరకదు. దానికి కాస్త ముందు ఏం జరిగిందో అడగాలి.

సుధీర్

సుధీర్, నేను ఇంజినీరింగ్‌లో ఒకే క్లాసు. వాడిది నా వెనక బెంచీ. ల్యాబ్ రికార్డులు నావి చూసి రాసుకున్నాడు. బొమ్మలు నాకంటే అందంగా వేశాడు. మార్కులు వాడికి ఎక్కువ వచ్చాయి. అక్కడ మొదలైంది.

ఇద్దరం ఒకే వారంలో ఈ పనిలో చేరాం. చదువు ఒకటే, పనిముట్లు ఒకటే, జీతం ఒకటే. పనితనంలో వాడు నాకంటే తక్కువేమీ కాదు, ఎక్కువ కూడా కాదు. తేడా ఎక్కడొచ్చిందంటే, ఆఫీసుకి వచ్చే ఫోన్లలో. ప్రకాశరావు గారు ఫోన్ ఎప్పుడూ స్పీకర్లో పెట్టి మాట్లాడతారు. అందరికీ వినపడేది.

"ఆ సుధీర్ గారు ఖాళీగా ఉన్నారాండీ? ఆయన్నే పంపండి. రేపైనా పర్లేదు, ఎల్లుండైనా పర్లేదు."

కొందరు "ఎవరో ఒకర్ని పంపండి" అనేవాళ్ళు. ప్రకాశరావు గారు తలెత్తి నా వైపు చూసేవారు. ఆ ఎవరో ఒకరు నేను.

నేను కోరుకున్నది పెద్దదేమీ కాదు. ఒక్క ఇంటివాళ్ళు, ఒక్కసారి, 'మురళి గారిని పంపండి' అనాలి. ఆ ఫోన్ స్పీకర్లో రావాలి. సుధీర్ అక్కడ ఉండాలి.

వాడిలో నాకు ఒళ్ళు మండే అలవాటు ఒకటుండేది. ఏ ఇంటికెళ్ళినా మొదట అడిగేది మోడల్ నంబరు కాదు. "ఏం పాట ఆగిందండీ?" అని. వాళ్ళు పాట చెప్పేవాళ్ళు. వీడు రెండు ముక్కలు కూనిరాగం తీసేవాడు. టీ వచ్చేది. ఒకసారి ఇద్దరం కలిసి వెళ్ళిన ఇంట్లో వాడికి టీతో పాటు పూతరేకులు వచ్చాయి, నాకు టీ మాత్రం వచ్చింది. ప్లేటు ఒకటే ఉందేమో అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను.

తర్వాత ఆ ప్రశ్న నేను కూడా అడగడం మొదలుపెట్టాను. వాడిలా రాగం తీయడానికి కాదు. ఎన్నింటికి ఆగిందో అడిగితే జనం చెప్పలేరు. ఏం పాట ఆగిందో అడిగితే, ఆ పాట వచ్చేటప్పుడు తామెక్కడున్నారో, ఏం చేస్తున్నారో అన్నీ గుర్తొస్తాయి. అది మంచి సాంకేతిక ప్రశ్న. వాడికి ఆ సంగతి తెలిసి అడిగాడో, ఊరికే అడిగాడో నాకిప్పటికీ తెలియదు. తెలిసే అడిగాడేమో అనుకున్న రోజు నిద్ర పట్టదు.

పటమటలో ఆగ్నేయం

మనవైపు ఇళ్ళల్లో రౌటర్ ఎక్కడుంటుందో నిర్ణయించేది సిగ్నల్ కాదు, వాస్తు. పటమటలో ఒక బట్టల వ్యాపారి గారి ఫ్లాటు. హాల్లో పాటలు పొద్దున, సాయంత్రం తెగిపోతున్నాయని ఫోన్. వెళ్ళి చూస్తే రౌటర్ వంటింట్లో ఉంది, ఒకపక్క ఫ్రిజ్, ఇంకోపక్క మైక్రోవేవ్. అంతకంటే చెడ్డ చోటు ఆ ఇంట్లో లేదు. పాలు వేడి చేసినప్పుడల్లా పాట తెగుతోంది.

"దీన్ని హాల్లోకి మార్చాలండి."

"మార్చకూడదండి. కరెంటు వస్తువు, అగ్ని. ఆగ్నేయంలోనే ఉండాలి."

"మరి హాల్లో టీవీ కూడా కరెంటు వస్తువేగా అండీ?"

ఆయన ముఖం మారింది. నేను ఆపలేదు. తరంగాలకి దిక్కులుండవని చెప్పాను, మైక్రోవేవ్ ఏం చేస్తుందో కాగితం మీద గీసి చూపించాను. నేను చెప్పినవన్నీ నిజాలే. గంట సేపు నిజాలు చెప్పి, పని చేయకుండా తిరిగొచ్చాను. ఆయన ఒప్పుకుంటే తప్ప తీగ ముట్టుకోనని పట్టుబట్టాను మరి.

మర్నాడు ఫోన్: "ఆయన కాకుండా ఇంకొకాయన ఉన్నారంటగా."

సుధీర్ వెళ్ళాడు. పాత రౌటర్‌ని ఆగ్నేయంలోనే ఉంచాడు. దాని వైఫై మాత్రం ఆపేసి, అందులోంచి ఒక తీగ లాగి, హాల్లో ఫొటో వెనక చిన్న డబ్బా ఒకటి పెట్టాడు. అగ్ని ఆగ్నేయంలో ఉంది, పాట హాల్లో ఉంది. ఆ కిటుకు నాకు తెలియదనుకునేరు. తెలుసు. ముందు ఆయన తప్పు ఒప్పుకోవాలనుకున్నాను, అంతే.

ఆ రోజు ప్రకాశరావు గారు నన్ను పిలిచి ఒకటే మాట అన్నారు. "నిన్ను గెలవమని పంపలేదయ్యా, పాట వినిపించమని పంపాను." ఆయన మంచి బాస్. కేకలేయరు. కేకలేసి ఉంటే బావుండేది, ఆ మాట ఇంతకాలం గుర్తుండేది కాదు.

పామర్రు

ఇక మొదట చెప్పిన ఇంటి సంగతి. అది సుధీర్ ఇల్లు. అంటే వాడు బిగించి, వాడే చూసుకునే ఇల్లు అని మా ఆఫీసు భాష. వాడు తెనాలిలో బావమరిది పెళ్ళికి వెళ్ళాడు కాబట్టి నన్ను పంపారు. సుధీర్ ఇంట్లో, సుధీర్ లేనప్పుడు, సుధీర్ వల్ల కానిది నేను చేసి చూపించే అవకాశం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. దారిలో ఉయ్యూరు దాటేదాకా నవ్వుకుంటూనే వెళ్ళాను.

రాజ్యలక్ష్మి గారు హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. షుగరు వల్ల చూపు బాగా తగ్గింది. అక్షరం ఇక కనపడదని తెలిశాక నవలలు చదివి వినిపించే ప్రసారాలు పెట్టుకుని వింటున్నారు. ఆ స్పీకర్ ఆమె చేతిలోనే ఉంటుంది, ఎక్కడికెళితే అక్కడికి. అది కథ మధ్యలో ఆగిపోతోంది. కళ్ళున్నవాళ్ళయితే ఫోన్ తీసి చూసుకుంటారు. ఆమె మాత్రం ఆగినచోటే నిలబడి ఎదురుచూడాలి.

"ఈ రోజు కుదరకపోతే దీన్ని కాలవలో పారేస్తా" అన్నారు సుబ్బారావు గారు. "ఆగినప్పుడల్లా ఈవిడ మొహం చూడలేకపోతున్నా."

"ఎక్కడ ఆగుతోందండీ?" అని అడిగాను.

"వెనక వరండాలో, వాషింగ్ మెషీన్ కాడ. అందుకే ఈవిడ వింటున్నంతసేపు మెషీన్ ఎయ్యం. అయినా ఆగిపోద్ది. అసలు కారణం నాకు తెలుసులే. వైఫై కూడా కాలవ నీళ్ళ లాంటిదే. మా వోడు ఎగువన ఉన్నాడు, పెద్ద డబ్బా పెట్టాడు. తూము పెద్దదైతే ఏమవుద్ది? కిందోడికి తడి అందదు."

కోటేశ్వరరావు గారు ఊరుకోలేదు. "ముందు పెట్టింది ఎవరన్నయ్యా? నాది నాలుగు కొమ్ముల డబ్బా. నువ్వు ఆరు కొమ్ములది తెచ్చాక మా ఇంట్లో పాటలు ఆగలా?"

"నువ్వు ఇంకోటి తేలా?"

"నువ్వు వరండాలో మేక్కొట్టలా?"

కాలవ చివరి భూములు సాగు చేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు ఇది. అవతలివాడి డబ్బా మన సిగ్నల్‌ని లాగేస్తుందనుకుని ఒకరి మీద ఒకరు పోటీగా కొనుక్కుంటూ పోయారు. రెండిళ్ళకీ కలిపి ఐదయ్యాయి. కొన్న ప్రతిసారీ ఆగడం ఎక్కువైంది. ఎక్కువైన ప్రతిసారీ ఇంకోటి కొన్నారు.

నేను రాజ్యలక్ష్మి గారిని స్పీకర్ పట్టుకుని మామూలుగా నడవమన్నాను. ల్యాప్‌టాప్ పట్టుకుని పక్కన నడిచాను. స్పీకర్ ఏ క్షణాన ఏ రౌటర్‌ని పట్టుకుందో అందులో కనిపిస్తుంది. హాల్లో టీవీ కింద ఉన్నదాన్ని పట్టుకుంది. నడవలో, ఉమ్మడి గోడ పక్కగా వెళుతుంటే, దాన్ని వదిలేసి గోడ అవతల తమ్ముడి రౌటర్‌ని పట్టుకుంది. కథ మాత్రం సాగుతూనే ఉంది. వంటిల్లు దాటాం. వరండాలోకి వచ్చాం. వాషింగ్ మెషీన్ దగ్గర నిల్వ అయిపోయింది. శబ్దం ఆగింది.

పాపం ఆ మెషీన్.

కారణం తేలిగ్గా చెప్పొచ్చు. ఐదు రౌటర్లకీ ఒకటే పేరు, 'రామయ్య నిలయం'. అది వాళ్ళ నాన్న గారి పేరు. ఐదింటికీ ఒకటే పాస్‌వర్డు. కానీ లోపల ఐదూ వేరువేరు నెట్‌వర్కులు. పేరు ఒకటే కాబట్టి స్పీకర్ ఇల్లు మారలేదనుకుని గోడ దూకేస్తుంది. దూకగానే దాని చిరునామా మారిపోతుంది. పాత చిరునామాకి వస్తున్న కథ దారిలోనే తెగిపోతుంది. ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చెప్పే సంగతి. పేర్లు పెట్టింది సుధీర్.

నాలో పండగ మొదలైంది. దాచుకోవడం కష్టమైంది.

మూడు డబ్బాలు ఆపేశాను. మిగిలిన రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టాను, అన్న గారి ఇంటికి ఒకటి, తమ్ముడు గారి ఇంటికి ఒకటి. రాజ్యలక్ష్మి గారిని ఇల్లంతా తిప్పాను. వాషింగ్ మెషీన్ వేయించి దాని పక్కనే నిలబెట్టాను. కథ ఒక్క మాట కూడా తప్పిపోలేదు. అప్పుడు, సంచి సర్దుకుంటూ, ఎంతసేపటి నుంచో నోట్లో ఊరుతున్న మాట అన్నాను.

"ముందు చేసినవాళ్ళు అన్నిటికీ ఒకటే పేరు పెట్టారండి. అలా పెట్టకూడదు."

"సుధీర్‌ని అనకు బాబూ" అన్నారు రాజ్యలక్ష్మి గారు. "వద్దనే అన్నాడు. 'ఇట్టా పెడితే ఆగుద్ది పిన్నిగారూ' అని చెప్పే పెట్టాడు. పెట్టించింది నేనే."

"ఎందుకండీ?"

"మధ్యాహ్నం భోజనాలయ్యాక విజయ వాళ్ళింట్లో కూర్చుంటాం ఇద్దరం. ఇది పట్టుకెళ్తా. దీనికి ఒక్క పేరే గుర్తుంటదంట, పేరు వేరైతే అక్కడ పలకదంటగా? చూడు, ఇప్పుడు పలుకుద్దేమో."

లేచి గోడ పట్టుకుని నడిచారు. గేటు దాటి, పక్క గేటులోంచి, తోడికోడలి హాల్లోకి. నేను వెనకే వెళ్ళాను. స్పీకర్ నెట్ దొరకలేదని ఒకసారి చెప్పి ఊరుకుంది. రెండు చేతుల్తో దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డారామె.

విజయ గారు నాతో అన్నారు: "ఆగుతూ ఆగుతూ అయినా ఇక్కడ వచ్చేదండి. ఇప్పుడు అసలే పోయింది. చదివి వినిపించవే అంటుంది అక్క గానీ, రెండు పేజీలకే నాకు కునుకొస్తది."

నా మరమ్మతులో తప్పు లేదు. ఆమెకి కావలసింది అది కాదు, అంతే. ఈ రెంటికీ తేడా మీకు ఏ మీటరూ చూపించదు.

అసలు మందు ఏమిటో నాకు వెంటనే తట్టింది, ఆ మాట మాత్రం గట్టిగా చెబుతాను. రెండిళ్ళనీ ఒకే నెట్‌వర్క్ చేయాలి. ఉమ్మడి గోడకి చిన్న కన్నం వేసి ఒక తీగ దాటించాలి. పెద్ద డబ్బా ఒకటే మాట్లాడుతుంది, మిగతావి దాని మాట మోసే డబ్బాలుగా మారతాయి. అప్పుడు పేరు ఒకటే పెట్టినా ఇబ్బంది లేదు, స్పీకర్ ఎటు దూకినా చిరునామా మారదు. ఇది చెప్పాను. బొమ్మ కూడా గీశాను.

"గోడకి కన్నమా?" అన్నారు సుబ్బారావు గారు.

"వేలు పట్టేంతండీ."

"వేలు కాదయ్యా, ఆ గోడ పంపకాల్లో ఎవరి వాటాకీ రాలా. ఇద్దరిదీ. దానికి మేకు కూడా కొట్టం."

"పైగా ఎవరి ఇంటర్నెట్ లైను వాడతారు?" అన్నారు కోటేశ్వరరావు గారు. "అన్నయ్యదా? అయితే మేం ఆయన దయ మీద ఉండాలా?"

"నీదైతే నేనుండాలా?"

విజయ గారు తోడికోడలి పక్కన కూలబడ్డారు. "అక్కా, వీళ్ళు గోడ సంగతి తేల్చేలోపు మనమే ఒక నవల రాసుకోవచ్చు."

ఏదైనా ఒక్క లైను చాలని, రెండింటి వేగమూ ఒకటేనని చెప్పాను. పటమటలో లాగే నేను చెప్పినవన్నీ నిజాలే. మళ్ళీ ఎవరూ వినలేదు. అప్పుడు విజయ గారు ఫోన్ తీశారు.

"ఉండండి, సుధీర్‌కి చేస్తా."

ఫోన్ స్పీకర్లో పెట్టారు. ఈ జిల్లాలో అందరూ ఎందుకలా పెడతారో తెలియదు. అవతల సన్నాయి, డోలు. వాటి మధ్యలోంచి వాడి గొంతు.

"పిన్నిగారూ! ఏం కథ ఆగిందండీ?"

"ఆ పిల్ల రైలెక్కిందో లేదో తెలవకుండా ఆగిందిరా" అన్నారు రాజ్యలక్ష్మి గారు. నేను వచ్చినప్పటినుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"ఎక్కుద్దిలెండి. ఎక్కకపోతే నేనెక్కిస్తా. బాబాయిగార్లు ఉన్నారా పక్కన?"

ఉన్నామన్నారు. విజయ గారు నేను చెప్పింది వాడికి చెప్పారు, కన్నంతో సహా.

"మురళి చెప్పింది కరెక్టండి. అదే చెయ్యాల. లైను గురించా మీ గొడవ? రెండు లైన్లూ పెడదాం. పెద్దబాబాయిగారిదీ పడుద్ది, చిన్నబాబాయిగారిదీ పడుద్ది, రెండూ ఒకే బోదెలో, చేలోకి పారే పిల్లకాలవలో లాగా. బోదె మీద గొడవేముంది? కన్నం గోడకి మధ్యలో వెయ్యమనండి, అటు సగం, ఇటు సగం."

సుబ్బారావు గారు తమ్ముడి వైపు చూశారు. "బోదె అంటే పర్లేదు."

"బోదె అయితే నాకూ పర్లేదు."

"మురళి నాకంటే బాగా చేస్తాడు పిన్నిగారూ, చూడండి" అని సుధీర్ అంటూనే ఉన్నాడు. అప్పటికే అన్నదమ్ములు గోడ మధ్య ఎక్కడో తేల్చడానికి టేపు కోసం లేచారు. ఆ ఒక్క మాట పట్టించుకున్నది నేనే. వాడు నన్ను తిట్టి ఉంటే ఇంత మండేది కాదు.

తర్వాతదంతా నా పని. రెండు లైన్లు పట్టే రౌటర్ నా సంచిలోనే ఉంది. సున్నం, ఇటుక, మళ్ళీ సున్నం, పాతకాలపు లావు గోడ. కన్నం వేశాను, తీగ దాటించాను, పాత డబ్బాలన్నింటినీ ఆ కొత్త రౌటర్ కిందకి తెచ్చాను. పేరు మళ్ళీ 'రామయ్య నిలయం' పెట్టాను. రెండు లైన్లూ ఒకేసారి కలిపి వాడితే మళ్ళీ తెగే ప్రమాదం ఉంది. అందుకని ఒకటి నడుస్తుంది, అది పోతేనే రెండోది అందుకుంటుంది. ఎవరిది మొదటిదో చెప్పలేదు. ఇప్పటికీ చెప్పను. అన్నదమ్ముల ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఇలాంటివి కొన్ని తమ దగ్గరే ఉంచుకోవాలి.

రాజ్యలక్ష్మి గారు హాల్లోంచి బయల్దేరారు. నడవ, గేటు, పక్క గేటు, తోడికోడలి సోఫా. కథ ఎక్కడా ఆగలేదు. సోఫాలో కూర్చున్నాక చెయ్యెత్తి అందర్నీ మాట్లాడొద్దన్నారు. ఆ పిల్ల రైలెక్కింది.

నేను చేతులు కడుక్కుంటుంటే సుబ్బారావు గారు గేటు దగ్గర ఎవరితోనో ఫోన్లో చెబుతున్నారు. నా జుట్టు నిండా సున్నం.

"మా సుధీర్ బాగుచేసేశాడయ్యా! ఎక్కడో తెనాల్లో పెళ్ళిలో కూర్చుని, ఫోన్లోనే!"

లెక్క

ఆఫీసుకి వెళ్ళేసరికి ఆ ఫోన్ అక్కడికి కూడా వచ్చేసింది. ప్రకాశరావు గారు నా జుట్టు వైపు చూసి, "సుధీర్ ఫోన్లో చేశాడటగా" అన్నారు. కన్నం కూడా ఫోన్లోనే వేశాడండి అన్నాను. ఆయన నవ్వారు. ఆయనకి అర్థమైంది. అర్థమైనా, ఎవరు ఏ ఇళ్ళు చూసుకుంటారో రాసే ఆఫీసు బోర్డు మీద ఆ ఇల్లు సుధీర్ పేరు కిందే ఉంది.

పిల్లలూ, అసూయ పోతుందని మీకు చెప్పను. నాకు పోలేదు. మోకాలు పోయాక కూడా ఉంది. వాడు ఇప్పటికీ నిచ్చెన ఎక్కుతున్నాడు, ఇప్పటికీ పేరు పెట్టి అడుగుతున్నారు. నేను గీసిన ప్లాను పట్టుకుని వెళ్ళినా వచ్చే పేరు వాడిదే. గోడ తెరిచింది వాడి నోరని కూడా నాకు తెలుసు. నేను ఆ రోజంతా మాట్లాడినా 'బోదె' అన్న మాట నా నోట వచ్చేది కాదు. మా తాత కూడా చివరి భూముల రైతే, అయినా రాలేదు. ఎక్కువ బాధ అదే.

కానీ ఒకటి గమనించండి. ఆ మంటతోనే ఆ గోడ దగ్గర నేను ఏ ఒక్కటీ వదలకుండా చేశాను. ప్రతి జాయింటూ రెండుసార్లు పరీక్షించాను, కన్నానికి రబ్బరు తొడిగాను, వానొచ్చినా తడవకుండా తీగకి వంపు ఇచ్చాను. సుధీర్ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి చూస్తే వేలు పెట్టడానికి చోటు ఉండకూడదనుకున్నాను. అసూయని చేతుల్లోకి పంపించండి. నోట్లోకి వస్తే పటమట అవుతుంది.

ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు ఫోన్ చేస్తారేమోనని ఎదురుచూశాను. వానాకాలం వచ్చింది, నడవలోని గోడ చెమ్మగిల్లి ఉంటుంది, ఇప్పుడు చేస్తారనుకున్నాను. ఎండాకాలం వచ్చింది, డబ్బాలు వేడెక్కుతాయి, ఇప్పుడు చేస్తారనుకున్నాను. ఆ ఫోన్ వస్తే మాత్రం కన్నం వేసిన నన్నే పేరు పెట్టి అడుగుతారని నా నమ్మకం. ఆఫీసులో స్పీకర్ ఫోన్ మోగినప్పుడల్లా తలెత్తేవాణ్ణి. ఫోన్ రావాలంటే ఏదో ఒకటి చెడాలి.

నేను ఫీల్డు మానేసేదాకా పామర్రులోని ఆ రెండిళ్ళ నుంచి వచ్చిన ఫోన్లు: సున్నా.